పిండ్‌బోర్గ్ ట్యూమర్: క్యాన్సర్ అని రిపోర్టు వచ్చిన ఒక దవడ గడ్డ

41 ఏళ్ల గృహిణి. కుడివైపు కింది దవడ వాచి రెండున్నరేళ్లయింది. నొప్పి లేదు, చీము లేదు, జ్వరం లేదు. "మొదట్లో చింతగింజంత ఉండేదండీ, ఇప్పుడు నిమ్మకాయంత అయింది" అన్నది ఆవిడ చెప్పిన లెక్క. ఏడాదిన్నర కిందట ఒకచోట చూపిస్తే, పన్ను పుచ్చి వాచిందనుకుని 46వ నంబరు పన్ను (కుడివైపు కింది మొదటి దవడ పన్ను) తీశారు. పుండు మానింది, వాపు అలాగే ఉండిపోయింది. తర్వాత ఇంకోచోట చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే "ఎముకలో పుట్టిన స్క్వేమస్ సెల్ కార్సినోమా కావచ్చు" అని, అంటే క్యాన్సర్ అని, రిపోర్టు వచ్చింది. దవడ ఎముకలో ఒక భాగం, మెడ బిళ్లలు తీసేయాలి, ఆ పైన రేడియేషన్ పెట్టాలి అన్నారు. ఆవిడ వచ్చింది ఆ కాగితం పట్టుకునే.

చివరికి తేలింది కాల్సిఫయింగ్ ఎపిథీలియల్ ఓడాంటోజెనిక్ ట్యూమర్, పొట్టిగా సీఈఓటీ. పిండ్‌బోర్గ్ ట్యూమర్ అన్నా ఇదే. పన్ను తయారయ్యే కణజాలం నుంచి పుట్టే గడ్డల్లో ఇది నూటికి ఒకటి. క్యాన్సర్ కాదు, కానీ చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంది. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఒక్కటే. ఈ గడ్డ స్లైడును ఎక్స్‌రే లేకుండా చూస్తే ఎంత అనుభవం ఉన్నవారైనా క్యాన్సర్ అనే అవకాశం ఉంది. దానికి మూల్యం చెల్లించేది పేషెంటు దవడ.

పరీక్షలో కనిపించినవి

బయటి నుంచి చూస్తే ముఖం కుడివైపు కాస్త ఎత్తుగా ఉంది. పైచర్మం మామూలుగానే ఉంది, వేలితో పట్టి కదిపితే గడ్డ మీద జారుతోంది. నొక్కితే ఎముకలా గట్టిగా ఉంది, ఒక్కచోట మాత్రం వేలి కొన కింద లోపలికి పోతున్నట్టు అనిపించింది. మెడలో బిళ్లలు లేవు. నోట్లో 46కు ముందుండే 45 పన్ను వెనక నుంచి దవడ చివరి దాకా బుగ్గవైపు, నాలుకవైపు రెండు పక్కలా ఎముక ఉబ్బింది. దాని మీది చిగురు మామూలు రంగులోనే ఉంది, పుండు లేదు. 44, 45 పళ్లు కదలడం లేదు, విద్యుత్ పల్ప్ టెస్టుకు రెండూ పలికాయి, అంటే బతికే ఉన్నాయి. కింది పెదవి మీద, గడ్డం మీద దూదిపోగుతో రాసి చూస్తే స్పర్శ రెండు వైపులా సమానంగా ఉంది.

ఈ చివరి విషయం చాలా విలువైనది. రెండున్నరేళ్లుగా ఎముకలో పెరుగుతున్న గడ్డ నిజంగా కార్సినోమా అయితే ఈపాటికి పెదవి తిమ్మిరెక్కాలి, పళ్లు ఊగాలి, నొప్పి ఉండాలి. ఒక్క లక్షణంతో తేల్చలేం గానీ, మూడూ లేనప్పుడు రిపోర్టును మళ్లీ ప్రశ్నించాల్సిందే.

ఇంకో చిన్న విషయం పళ్ల లెక్క. 46 తీశారని తెలుసు. మరి దాని వెనకుండాల్సిన 47 ఏది? ఆవిడకు గుర్తు లేదు, అంతకుముందు ఎవరూ అడగలేదు. నోట్లో లేని పన్నుకు మూడే కారణాలు ఉంటాయి: తీసేసి ఉండాలి, మొలవక ఎముకలోనే ఉండిపోవాలి, లేదా అసలు పుట్టి ఉండకూడదు. సీఈఓటీల్లో సగం దాకా మొలవని పన్నును అంటిపెట్టుకునే ఉంటాయి. పళ్లు లెక్కపెట్టడానికి అరనిమిషం చాలు.

ఫిల్మ్

ఓపీజీలో (దవడ మొత్తం ఒకే ఫిల్మ్ మీద వచ్చే ఎక్స్‌రే) 45 వెనక అంచు నుంచి పైకి లేచే ఎముక మొదలు దాకా నల్లటి ఖాళీ కనిపించింది. అంచు స్పష్టంగా ఉంది, అలలు అలలుగా ఉంది, లోపల సన్నటి గోడలతో రెండు మూడు గదులున్నాయి. 47 పన్ను తలకిందులుగా తిరిగి ఆ ఖాళీ అడుగున ఇరుక్కుని ఉంది. నరం కాలువను గడ్డ కిందికి నొక్కేసింది గానీ తెంపలేదు.

ఆ ఫిల్మ్ మీద అమెలోబ్లాస్టోమా (పన్ను కణజాలం నుంచే పుట్టే మరో గడ్డ) అని రాసి ఊరుకోవచ్చు, చాలామంది అలాగే రాస్తారు. సీబీసీటీలో (దవడను మూడు కొలతల్లో చూపే స్కాన్) తేడా బయటపడింది. 0.2 మి.మీ. వోక్సెల్‌తో (చిత్రంలోని అతి చిన్న ఘనం) తీసిన ముక్కల్లో 47 పన్ను తల చుట్టూ చుక్కలు చుక్కలుగా సున్నపు రేణువులు కనిపించాయి. పన్ను తల దగ్గర గుంపుగా ఉండి, దూరం వెళ్లేకొద్దీ పలచబడ్డాయి. తడి నేల మీద ముగ్గుపిండి చిలకరించినట్టు ఉంది చూపుకి. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని గాలికి కొట్టుకొచ్చిన మంచుతో పోలుస్తాయి. నిండుగా ఉన్న ఆ దృశ్యం అన్ని కేసుల్లో రాదు, గడ్డ కొత్తగా ఉన్నప్పుడు సున్నమే ఉండకపోవచ్చు. అది లేదని సీఈఓటీని కొట్టిపారేయకూడదు. ఉంటే మాత్రం, అందులోనూ పన్ను తల దగ్గర గుంపుగా ఉంటే, అది పెద్ద ఆధారం.

కొలతలు: ముందు నుంచి వెనక్కి 34 మి.మీ., బుగ్గ నుంచి నాలుక వైపుకు 23, ఎత్తు 19. గడ్డ కింద మిగిలిన ఎముక 11 మి.మీ. బుగ్గవైపు గోడ పలచబడి ఒకచోట 6 మి.మీ. మేర చిల్లు పడింది. వేలికి మెత్తగా తగిలింది అక్కడే. నాలుకవైపు గోడ కాగితంలా ఉన్నా తెగలేదు.

మొలవని పన్నుతో నల్లటి ఖాళీ కనిపిస్తే మొదట గుర్తొచ్చేది డెంటిజెరస్ సిస్ట్, అంటే మొలవని పన్ను తల చుట్టూ ఏర్పడే తిత్తి. కానీ అందులో గదులుండవు, సున్నం ఉండదు, ఖాళీ పన్ను మెడ దగ్గర మొదలవుతుంది. కెరాటోసిస్ట్ అనే ఇంకో తిత్తి ఎముక పొడవునా పాకుతుంది, ఇంతగా పక్కలకు ఉబ్బదు. అడినోమటాయిడ్ ఓడాంటోజెనిక్ ట్యూమర్లో కూడా రేణువులుంటాయి, కానీ అది ఎక్కువగా టీనేజీ అమ్మాయిల్లో, పై దవడ కోరపన్ను దగ్గర వస్తుంది. వయసు, చోటు రెండూ ఇక్కడ కలవలేదు. కాల్సిఫయింగ్ ఓడాంటోజెనిక్ సిస్ట్‌ను ఫిల్మ్ మీద తీసేయలేం, దాన్ని స్లైడే తేల్చాలి. పారాథైరాయిడ్ ఎక్కువై వచ్చే బ్రౌన్ ట్యూమర్‌కు రక్తపరీక్ష చాలు: కాల్షియం డెసిలీటర్‌కు 9.4 మి.గ్రా., పారాథైరాయిడ్ హార్మోన్ మిల్లీలీటర్‌కు 42 పికోగ్రాములు, రెండూ మామూలే. దవడలో గదులున్న గడ్డ ఏదైనా సరే, కత్తి పెట్టక ముందే ఈ రెండు పరీక్షలూ చేయించడం మంచిది. ఖర్చు తక్కువ, పొరపాటు జరిగితే నష్టం ఎక్కువ.

మళ్లీ బయాప్సీ ఎందుకు

ముందు చేసిన బ్లాకు (మైనంలో పెట్టి దాచిన బయాప్సీ ముక్క) తెప్పించి చూస్తే ముక్క 4 మి.మీ. కూడా లేదు. అందులో సగం చిగురు, ఎముక పైపొర. అసలు గడ్డ చిన్న పట్టీలా ఒక మూలన ఉంది, అదీ ఫోర్సెప్స్ మధ్య నలిగిపోయింది. పంపిన ఫారంలో "దవడ వాపు" అని రెండే మాటలు. ఎక్స్‌రే జత చేయలేదు. ఇంత తక్కువ సమాచారంతో ఆ కణాలను చూసినవారికి క్యాన్సర్ అనుమానం రావడం సహజం. తప్పు మైక్రోస్కోపు దగ్గర కంటే ముందే, ముక్క తీసిన చోట, ఫారం నింపిన చోట జరిగింది.

రెండోసారి ఇలా చేశాం. ముందుగా 18 గేజి సూదితో లాగి చూడాలి. రక్తం బలంగా వస్తే రక్తనాళాల గడ్డ అనుకుని అక్కడే ఆగిపోవాలి, పసుపు ద్రవం వస్తే సిస్ట్ వైపు ఆలోచించాలి. ఇక్కడ ఏమీ రాలేదు, అంటే గట్టి గడ్డ. 1:80,000 అడ్రినలిన్ కలిపిన 2 శాతం లిగ్నోకెయిన్‌తో నరం బ్లాక్, బుగ్గవైపు ఇంకో ఇంజెక్షన్. చిగురు పొరను లేపి, చిల్లు పడిన చోటు కాకుండా దానికి ముందువైపు పలచని ఎముకలో కిటికీ తెరిచాం. చిల్లు మీదుగానే తీస్తే గడ్డ కణాలు మెత్తని కణజాలంలోకి చేరే ప్రమాదం ఉంది, పైగా తర్వాత ఆపరేషన్లో ఆ దారంతా తీసేయాల్సి వస్తుంది. ముక్క 10 × 8 × 6 మి.మీ. సీబీసీటీలో రేణువులు ఎక్కువగా ఉన్న వైపు నుంచే, పన్ను తల దాకా లోతుగా తీసింది. ఫోర్సెప్స్‌తో నలపకుండా ఒక కుట్టు వేసి ఆ దారం పట్టుకుని కోశాం. కోస్తుంటే కత్తికి ఇసుక తగిలినట్టు కరకరలాడింది.

ముక్కకు పదింతల 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వేసి, సీబీసీటీ ప్రింటు, వయసు, చోటు, ఎన్నాళ్లుగా ఉంది, పెదవి స్పర్శ ఎలా ఉంది, ఏవి అనుమానిస్తున్నాం అన్నీ రాసి పంపాం.

స్లైడు

ల్యాబులో మొదట జరగాల్సింది మెత్తని భాగాన్ని, సున్నం ఉన్న భాగాన్ని విడదీయడం. మెత్తటి ముక్కను నేరుగా బ్లాకు చేయాలి. గట్టి ముక్కను ఫార్మిక్ యాసిడ్ గానీ, తొందర లేకపోతే ఈడీటీఏ గానీ వాడి సున్నం తీయాలి. మొత్తం ముక్కను ఘాటైన నైట్రిక్ యాసిడ్‌లో పడేస్తే కణ కేంద్రకాలు రంగు పట్టవు, ఇమ్యునో స్టెయిన్లు (ఫలానా ప్రోటీన్లను గుర్తించే రంగులు) పనిచేయవు. ఆ స్లైడు మీద ఏ తీర్పూ చెప్పలేం.

మామూలు హెచ్ అండ్ ఈ రంగులో పలకలు పలకలుగా, దీవుల్లా పేర్చిన పెద్ద కణాలు. అనేక కోణాలున్న ఆకారం, గులాబీ రంగు సైటోప్లాజం. కణానికి కణానికి మధ్య సన్నటి వంతెనలు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే చర్మం పైపొర చూస్తున్నట్టే. కేంద్రకాలు మాత్రం భయపెట్టేలా ఉన్నాయి. ఒకటి చిన్నది, పక్కనే మూడింతలు పెద్దది, కొన్నింటిలో రెండేసి కేంద్రకాలు, ముదురు నీలి రంగు. కణం వంకర తిరిగితే క్యాన్సర్ అని నేర్చుకున్నాం కదా, ఇక్కడ ఆ పాఠమే దారి తప్పిస్తుంది. సీఈఓటీలో కేంద్రకాలు ఇలా వికారంగా ఉండడం సహజ లక్షణం, అది చెడ్డ గుర్తు కాదు. చూడాల్సింది కణ విభజనలను, అంటే మైటోసిస్‌లను. 50 హై పవర్ ఫీల్డులు వరుసగా లెక్కపెడితే ఒకే ఒక్క మైటోసిస్ దొరికింది, అదీ మామూలు రకం. చచ్చిపోయిన కణాల మడుగులు లేవు. కణాలు ఎంత జోరుగా విభజిస్తున్నాయో చెప్పే కేఐ-67 సుమారు 2 శాతం. ఇంత వికారమైన కేంద్రకాలతో నిజమైన కార్సినోమా అయితే ఈ అంకెలు ఇలా ఉండవు.

కణాల గుంపుల మధ్యలో గులాబీ రంగు ముద్దలు, నిర్మాణం ఏమీ లేకుండా మబ్బుల్లా పరుచుకుని. వాటిలో కొన్ని సున్నం పట్టి, రాయి పడిన చెరువులో అలల్లా ఒకదాని చుట్టూ ఒకటి నీలి వలయాలు కట్టాయి. వీటిని లీసెగాంగ్ వలయాలంటారు. ఎక్స్‌రేలో కనిపించిన రేణువులు ఇవే. ఫిల్మూ స్లైడూ ఒకదాన్ని ఒకటి గుర్తుపట్టింది ఇక్కడే.

ఆ గులాబీ ముద్దలు ఎమిలాయిడ్ (కణజాలంలో పేరుకునే ఒక రకం ప్రోటీను) అని నిరూపించాలంటే కాంగో రెడ్ అనే రంగు వేయాలి. ఇందులో చాలా పొరపాట్లు జరుగుతాయి కాబట్టి కాస్త ఆగి చెప్పాలి. సెక్షను 8 నుంచి 10 మైక్రాన్ల మందం ఉండాలి. మామూలుగా కోసే 3, 4 మైక్రాన్ల ముక్కలో రంగు పట్టినా ధ్రువణ కాంతిలో వెలుగు చాలక "నెగటివ్" అని రాసేస్తారు. అదే బ్యాచిలో ఎమిలాయిడ్ ఉందని ముందే తెలిసిన స్లైడు ఒకటి తప్పనిసరిగా పెట్టాలి. చూసేటప్పుడు గది చీకటి చేసి, బల్బు పూర్తిగా పెంచి, రెండు ధ్రువణ ఫిల్టర్లను ఫీల్డు నల్లబడే దాకా తిప్పాలి. అప్పుడు ఎమిలాయిడ్ పచ్చి జామకాయ ఆకుపచ్చలో మెరుస్తుంది. పీచు కణజాలం కూడా మెరుస్తుంది, కానీ అది వెండిలా తెల్లగా ఉంటుంది. దాన్ని చూసి పాజిటివ్ అనడం మరో తప్పు. ఈ కేసులో ఆకుపచ్చ స్పష్టంగా వచ్చింది.

ఎమిలాయిడ్ అనే మాట రిపోర్టులో కనబడగానే కిడ్నీ, గుండె, ఎముక మజ్జ పరీక్షలకు పంపే అలవాటు ఉంది. ఇక్కడ అవసరం లేదు. ఇది ఆ గడ్డ కణాలే తయారుచేసుకునే ఓడామ్ అనే ప్రోటీను. పన్ను ఎనామెల్ గట్టిపడే దశలో మామూలుగా పనిచేసే ప్రోటీనే. అది దవడ దాటి ఎక్కడికీ పోదు.

మిగిలినవి కొట్టేసేందుకు: సైటోకెరాటిన్, సీకే19, పీ63 పాజిటివ్, ఇది పన్ను ఎపిథీలియంతో (పన్నును తయారుచేసే పొర) సరిపోతుంది. జిగురును చూపే మ్యూసికార్మిన్ రంగు నెగటివ్, కాబట్టి మ్యూకోఎపిడెర్మాయిడ్ కార్సినోమా కాదు. దెయ్యం కణాలు (కేంద్రకం పోయి నీడలా మిగిలినవి) లేవు, కాబట్టి కాల్సిఫయింగ్ ఓడాంటోజెనిక్ సిస్ట్ కాదు. ఖాళీగా కనిపించే క్లియర్ సెల్స్ కోసం ప్రత్యేకంగా వెతకాలి. అవి ఎక్కువగా ఉన్న రకం గోడలను తొందరగా చీల్చుకుపోతుంది, తిరగబెట్టడమూ ఎక్కువ. క్లియర్ సెల్ ఓడాంటోజెనిక్ కార్సినోమా అనే అసలైన క్యాన్సర్‌తో పొరబడే ప్రమాదమూ అక్కడే. ఆ సందేహం వస్తే ఈడబ్ల్యూఎస్ఆర్1 జన్యు పరీక్ష సాయపడుతుంది. ఈ గడ్డలో క్లియర్ సెల్స్ అక్కడక్కడా నాలుగైదు కనిపించాయంతే.

ఈ గడ్డకు ఎవరి పేరు పెట్టారో ఆ జెన్స్ జోర్గెన్ పిండ్‌బోర్గ్ డెన్మార్క్ పాథాలజిస్టు, 1955లో దీన్ని ప్రత్యేక గడ్డగా వర్ణించారు. తెలుగు నేలతో ఆయనకు బంధం ఉంది. శ్రీకాకుళం పల్లెల్లో నిప్పు నోట్లో పెట్టి పీల్చే అడ్డపొగ అలవాటు మీద మన దేశపు పరిశోధకులతో కలిసి 10,169 మందిని పరీక్షించిన అధ్యయనం 1971లో వచ్చింది. అంగుట్లో క్యాన్సర్ ఎందుకొస్తుందో వెతికిన మనిషి పేరే క్యాన్సర్‌లా కనబడి కాని గడ్డకు ఉంది.

ఆపరేషన్

గోకి తీసేయడం ఈ గడ్డకు చాలదు. దీనికి సంచి ఉండదు, ఎముక గుల్లల్లోకి వేళ్లు చొప్పిస్తుంది. అలాగని అమెలోబ్లాస్టోమా అంత దూరం పాకదు కాబట్టి దవడను అటునుంచి ఇటు తెంపేయాల్సిన పని అన్నిసార్లూ ఉండదు. చుట్టూ 5 మి.మీ. నుంచి 1 సెం.మీ. మంచి ఎముకతో కలిపి తీయడం సరైన మధ్యమార్గం.

ఇక్కడ లెక్క కాస్త ఇరుకైంది. గడ్డ కింద 11 మి.మీ. ఎముక ఉంది. 5 మి.మీ. మార్జిన్ తీస్తే మిగిలేది 6. కింది అంచు 10 మి.మీ. కంటే తక్కువ మిగిలితే నమిలేటప్పుడు దవడ విరుగుతుందన్నది సర్జన్లు పాటించే లెక్క. రెండు దారులున్నాయి: దవడను పూర్తిగా తెంపి తుంటి ఎముకతో కట్టడం, లేదా కింది అంచును ఉంచి 2.4 మి.మీ. టైటానియం రీకన్‌స్ట్రక్షన్ ప్లేటుతో బలపరచడం. అంతా వివరించాక ఆవిడ రెండోదే ఒప్పుకున్నారు.

సీబీసీటీ నుంచి తయారుచేసిన త్రీడీ మోడల్ మీద ప్లేటును ముందే వంచి ఉంచాం. దవడ కింద 2 సెం.మీ. దిగువన కోత, కింది పెదవిని కదిలించే నరం తెగకుండా. ముందువైపు కోత 44కూ 45కూ మధ్య వేయలేదు. అలా వేస్తే 44 వేరు పక్కన ఎముక మిగలక ఆ పన్నూ పోతుంది. 45ను తీసి, దాని గూటి మధ్యలోంచి కోశాం. మూలలు చతురస్రంగా కాకుండా గుండ్రంగా ఉండాలి, లేకపోతే బరువంతా ఆ మూల మీద పడి అక్కడే పగులుతుంది. చిల్లు పడిన చోట ఎముక పైపొరను గడ్డ మీదే వదిలి, దాని మీది పలచటి కండతో సహా తీశాం. నరాన్ని కాలువ తెరిచి పక్కకు తప్పించి ఉంచాం. ప్లేటుకు రెండు వైపులా మూడేసి స్క్రూలు, అవతలి గోడ దాకా. తీసిన ముక్కను బల్ల మీదే ఎక్స్‌రే తీసి, నల్లటి అంచు ఎక్కడా కోతకు తాకలేదని చూసుకున్నాకే కుట్లు వేశాం. ఫ్రోజెన్ సెక్షన్ (ఆపరేషన్ మధ్యలోనే ముక్కను గడ్డకట్టించి కోసి చూడడం) ఎముకకు పనికిరాదు, ఈ ఎక్స్‌రే ఆ పని చేస్తుంది.

మొత్తం ముక్క రిపోర్టులో అదే నిర్ధారణ. ఎముక అంచులు, చిల్లు దగ్గరి మెత్తని అంచు అన్నీ శుభ్రం. మెడ బిళ్లల జోలికి పోలేదు, రేడియేషన్ లేదు.

ఆ తర్వాత

ఆరు వారాలు జావ, మెత్తగా కలిపిన పప్పన్నం, పెరుగన్నం మాత్రమే. ప్లేటు ఉంది కదా అని మూడో వారంలోనే జంతికలు కొరికితే స్క్రూలు వదులవుతాయని ఇంట్లోవాళ్లకూ విడిగా చెప్పాలి. కింది పెదవి మొద్దుబారింది. మూడో నెలలో చీమలు పాకినట్టు మొదలై, ఆరో నెలకు దూదిపోగు తాకితే తెలిసింది. వేడి, చల్లదనం తేడా ఇంకా కాస్త మందంగానే ఉంది.

18 నెలల ఓపీజీలో ఏమీ లేదు. ఇది మంచి కబురే గానీ, నయమైందని రాయడానికి చాలదు. ఫ్రాంక్లిన్, పిండ్‌బోర్గ్ 1976లో 113 కేసులు సమీక్షిస్తే తిరగబెట్టినవి దాదాపు 14 శాతం. అది ఏళ్లు గడిచాక కూడా వస్తుంది, ఎక్కువగా గోకి వదిలేసిన చోట. అందుకని మొదటి రెండేళ్లు ఆరు నెలలకోసారి, ఆపైన పదేళ్ల దాకా ఏడాదికోసారి ఓపీజీ అనుకున్నాం. ప్లేటు నీడ కింద రేణువులు దాక్కుంటాయి కాబట్టి అనుమానం వస్తే ఓపీజీతో సరిపెట్టకుండా సీబీసీటీ తీయాలి. రెండు బయాప్సీల స్లైడ్లు, బ్లాకులు, సీబీసీటీ సీడీ ఒక కవరులో పెట్టి ఆవిడకే ఇచ్చాం. పదేళ్లలో ఊరు మారినా డాక్టరు మారినా, తర్వాత చూసేవారు మళ్లీ 4 మి.మీ. ముక్కతో మొదలుపెట్టనక్కర్లేదు.